తీసినవి మూడు

2019 ఫిబ్రవరి 9, శనివారం

నార్బ్ అడిగాడు. కాదనలేకపోయాను. అదీ సంగతి.

వాడి బేస్‌మెంట్‌లో బీరువా అంత పాత వీడియో గేమ్ మెషీన్ ఉంది. లోపల ఇరవై ఏడు అంగుళాల పిక్చర్ ట్యూబ్. కొన్ని ఆటలకు తెర నిలువుగా ఉండాలి, కొన్నిటికి అడ్డంగా. ఇన్నాళ్ళూ వెనక తలుపు తీసి ఇద్దరం చెరో పక్క పట్టుకుని తిప్పేవాళ్ళం. నార్బ్ కుడిచేతికి మూడే వేళ్ళు. ఇక నావల్ల కాదురా లెన్, ఒక మోటార్ పెట్టు, ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడివి ఒక టీవీని తిప్పలేవా అన్నాడు. డెల్ఫీన్ అందుకుని, ఈయన చేతికి మాత్రం ఏ తీగా ఇవ్వకు లెన్, ఉన్న వేళ్ళు కూడా పోగొట్టుకుంటాడు అంది. మొగుడూ పెళ్ళాం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 13

కారు అద్దం తుడిచే మోటార్ తెచ్చాను, తుక్కు యార్డు నుంచి. పిడికెడు లేదు. పళ్ళచక్రాల మధ్య పెన్సిల్ పెట్టి చూశాను. పటుక్కున విరిచేసింది. వేలయినా అంతే.

ఫిబ్రవరి 17, సాయంత్రం 4

నాలుగు రిలేలు, అంటే కరెంటుతో మూసుకునే స్విచ్‌లు. రెండు మూసుకుంటే మోటార్ కుడికి, తక్కిన రెండు మూసుకుంటే ఎడమకి. నాలుగూ ఒకేసారి మూసుకుంటే మంట. ఇవాళ మూసుకున్నాయి. గరాజంతా కంపు. ఫ్యూజ్ పెట్టి బతికిపోయాను.

ఫిబ్రవరి 20

తెర నిలువుకు రాగానే ఆపడానికి ఒక స్విచ్, అడ్డానికి రాగానే ఆపడానికి ఇంకొకటి. మూడోది నా సొంతం: వెనక తలుపు తెరిచి ఉంటే మోటార్‌కు కరెంటే అందదు. లిఫ్టు తలుపుకు ఉన్నట్టే. నార్బ్ ఫోన్‌లో, అబ్బో, బేస్‌మెంట్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కడుతున్నావా ఏంటి అన్నాడు. వాడు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. ట్యూబు బిగించిన ఫ్రేమ్ తిరిగేటప్పుడు దాని మూలకీ మెషీన్ చెక్కకీ మధ్య మిగిలే సందు బొటనవేలంత.

కానీ తలుపు మూసి ఉంటే లోపల ఏం జరుగుతుందో కనపడదు. పరీక్షకు జంపర్ తప్పదు. జానెడు తీగ, రెండు కొసలకూ క్లిప్పులు. స్విచ్‌కి తగిలిస్తే ఆ స్విచ్ ఉన్నా లేనట్టే.

రిటైరయ్యాక నా జంపర్ల డబ్బా ముట్టలేదు. మూడు ఎర్ర జంపర్లు, ఒక్కోదానికి పసుపు టేపు మీద నంబరు. డబ్బాలోంచి తీసేటప్పుడు లెక్క, తిరిగి పెట్టేటప్పుడు లెక్క. ఈ అలవాటు నాకు ఏ రోజు అబ్బిందో నాకొక్కడికే తెలుసు.

తీసినవి మూడు. పెట్టినవి మూడు.

ఫిబ్రవరి 24

ప్లగ్ పెట్టాను. ఏ బటనూ నొక్కలేదు. మోటార్ దానంతట అదే బెత్తెడు కదిలి ఆగింది.

వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకున్నాను. అరవై నాలుగేళ్ళవాణ్ణి, మోటార్‌ని చూసి గోడకెక్కాను. కారణం చిన్నదే. రిలేలను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు నిద్ర లేవడానికి అర సెకను పడుతుంది, ఈలోగా రిలేలకు చెప్పేవాడు లేడు. యజమాని లేని ఇల్లన్నమాట. అవి ఊరికే మూసుకోకుండా నాలుగు రెసిస్టర్లు వేసి అణిచాను. యాభైసార్లు ప్లగ్ పెట్టి తీశాను. కదల్లేదు. అయినా నమ్మకం కుదరడం లేదు.

తీసినవి మూడు. పెట్టినవి మూడు.

మార్చి 8, శుక్రవారం

చర్చి హాల్లో చేపల భోజనం. నార్బ్ మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నాడు. ఎదురు కూర్చున్న కొత్త జంటకు మూడు వేళ్ళ చెయ్యి ఊపి, తక్కువగా అనుకోకండి, మన మిల్వాకీ ఊరు మొత్తం మీద తన వేళ్ళు తానే లిఫ్టుకు మేపిన మొగాణ్ణి నేనొక్కణ్ణే, జంపర్ పెట్టి మర్చిపోయిన మొద్దువెధవని అన్నాడు. డెల్ఫీన్, పెళ్ళిరోజు కూడా మర్చిపోయాడు, అది చెప్పడేం అంది. బల్లంతా నవ్వు. నేను చేప ముక్కలో ముళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

రాసేస్తాను. ఎవరు చదువుతారు గనక.

1998 అక్టోబరు. ఆఫీసు బిల్డింగు, మూడో అంతస్తు, నేనూ నార్బూ లిఫ్టు పనిలో ఉన్నాం. తలుపు తాళం పట్టడం లేదని జంపర్ తగిలించింది నేను. కింద ఫోన్ వచ్చిందంటే వెళ్ళాను. కబుర్లలో పడి మర్చిపోయాను. నార్బ్ వచ్చి తలుపు తెరిచి, తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలదు కదా అని, పట్టాల మీద చెయ్యి పెట్టాడు. కింద ఎవరో బటన్ నొక్కారు. కదిలింది.

విచారణకు ఆసుపత్రికే వచ్చి ఆ తీగ ఎవరిదని అడిగారు. అప్పట్లో నంబర్లు లేవు. నార్బ్ మత్తుమందులో ఉండి, నాదే అయ్యుంటుంది, నాకే గుర్తులేదు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంకా అలాగే నిలబడి ఉన్నాను.

మార్చి 16, శనివారం

నార్బ్ ఇంట్లో బిగించాం. తిరిగింది! ఎనభై పౌండ్ల ట్యూబు పసిపాప తల తిప్పినట్టు మెల్లగా తిరిగింది. తిరిగాక తెర మూలన ఊదారంగు మరక వచ్చింది. భూమి అయస్కాంత శక్తి పని, దాన్ని చెరిపే తీగచుట్ట నా దగ్గరుంది, తర్వాత చూడొచ్చు. నార్బ్‌కు ఇంకో సరదా పుట్టింది. ఎవరూ ఆడనప్పుడు మెషీన్ తనే ఒక్కో ఆటా చూపిస్తుంది, ఆట మారినప్పుడల్లా తెర కూడా తిరగాలట. అదీ కలిపాను. నార్బ్ కళ్ళు తుడుచుకుని, నా రెండో చెయ్యివిరా నువ్వు అన్నాడు.

ఆ మాట విన్నాక అక్కడ ఉండలేకపోయాను. గబగబా తలుపు మూసి, డబ్బా సంచిలో పడేసి, డెల్ఫీన్ బంగాళదుంప అట్లు పోస్తుంటే తినకుండా వచ్చేశాను.

మార్చి 17, ఉదయం 10:40

రెండే ఉన్నాయి.

సంచి దులిపాను. కారు సీట్ల కింద చూశాను. 1 ఉంది, 3 ఉంది. రెండో నంబరు లేదు. నార్బ్ ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 17, మధ్యాహ్నం 2

బతికున్నాడు. చెయ్యి ఉంది. ముందు అది రాయాలి.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాను. మంచు మీద కారు రెండుసార్లు జారింది. డెల్ఫీన్ తలుపు తీసి, పొద్దుట్నుంచి కిందే ఉన్నాడు మహానుభావుడు, తిండి లేదు తిప్పలు లేదు అంటోంది. మెట్లు దిగాను. మెషీన్ వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. తెర తనంతట తను ఆటలు చూపించుకుంటోంది. నార్బ్ ఎడమ చెయ్యి, మంచి చెయ్యి, మోచేతి దాకా ఆ ఫ్రేమ్‌కీ చెక్కకీ మధ్య ఉంది. కేబుల్ రాసుకుంటోందని కడుతున్నాడట.

ప్లగ్ పట్టుకుని లాగాను. తీగతో పాటు నేనూ కిందపడ్డాను.

ఏం పోయేకాలం వచ్చిందిరా నీకు, తలుపు తెరిస్తే తిరగదని నువ్వేగా చెప్పావు అని తిట్టాడు. నేను వేలు చూపించాను. తలుపు స్విచ్ మీద ఎర్ర తీగ, పసుపు టేపు, 2.

నార్బ్ దాన్ని చూశాడు. తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. చెమట పట్టింది వాడికి. మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు. పర్లేదులేరా, ఇరవై ఏళ్ళుగా నేనొక్కణ్ణే మొద్దువెధవనని సిగ్గుపడి చస్తున్నాను, ఇప్పుడు నువ్వూ తోడొచ్చావు అన్నాడు. నా భుజం తట్టాడు, ఆ మూడు వేళ్ళ చేత్తో. ఆ తీగ తీసి తన జేబులో వేసుకున్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. పిరికి వెధవని.

మార్చి 19

నిద్రలేదు. కళ్ళు మూస్తే తెర తిరుగుతుంది. వాడి చెయ్యి పోతుందేమోనన్న భయం పోయింది. ఇది వేరే భయం. వాడు వినేటప్పుడు వాడి మొహం ఎలా మారుతుందోనని.

మార్చి 20, ఉదయం 9

నోటితో చెప్పలేను. ఈ పుస్తకమే ఇస్తాను. ఎనిమిదో తారీఖు పేజీ మడిచాను. వాళ్ళ పోస్ట్‌బాక్స్‌లో వేసి, ఆగకుండా వచ్చేస్తాను.

ఏప్రిల్ 20, శనివారం

ఇది నార్బ్.

నీ రాత కోడి కెలికినట్టుంది, అయినా అంతా చదివాను. డెల్ఫీన్‌కు కూడా వినిపించాను. ఇరవై ఏళ్ళు నన్ను మతిమరుపు మేళం అన్నందుకు ఆమె రెండు రోజులు ఏడ్చింది. నేను నెల రోజులు నీ ఇంటి వీధిలో నడవలేదు, కొడతానేమోనని.

మరక ఇంకా ఉంది. వచ్చే శనివారం వచ్చి తీసెయ్. కబుర్లేమీ వద్దు. డబ్బా తీసుకురా, నీ ముందే లెక్కపెడతాను. రెండో నంబరు మాత్రం నీకివ్వను.

తీసినవి మూడు. పెట్టినవి రెండు.