నీళ్ళు పొయ్యని గుల్లలు

చోడవరం,
18 అక్టోబరు 1994.

మెర్లిన్ నాన్నగారికి,

ప్రభువు పేరున వందనాలు. ఇక్కడ అత్తమ్మ, నేను క్షేమం. క్షేమమనే రాయాలి కదా, రాస్తున్నాను. ఆ మడ అడవిలో మీరూ అలాగే ఉన్నారనుకుంటాను.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాలు కొంచెం నయం. మందు కంపు కొడుతోందని గొణుగుతూనే రాసుకుంటోంది. సున్నం బట్టీ మీద రేకు మార్పించాను. మీరు పంపిన గుల్లల లారీ దిగింది. చెరకు రసం తేట చెయ్యడానికి సున్నం కావాలని కె.కోటపాడు బెల్లం రైతులు అప్పుడే తిరుగుతున్నారు. అన్నం తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. ఉప్పు వేశానో లేదో అత్తమ్మ చెప్తేనే తెలుస్తోంది. మీరు ఆ చుట్టలు కాస్త తగ్గించండి. ఉత్తరం విప్పితే ఇల్లంతా అదే వాసన.

మన మెర్లిన్ పోయి మూడు నెలలైంది. ఏడేళ్ళ పిల్ల, జ్వరం తగిలిన నాలుగో రోజుకే. పదో రోజున మీరు కోరంగి వెళ్ళిపోయారు. నాకు కోపం రాలేదు. రావాలి కదా అనుకున్నాను. బురదలో చెయ్యి పెట్టి గుల్లలు ఏరుతుంటే మీకేమైనా అనిపిస్తోందా? నాకు బట్టీ వేడి కూడా తగలడం లేదు. మొన్న మణికట్టు కాలితే, పనికొచ్చే అసిరమ్మ కేక పెట్టాక చూసుకున్నాను.

సమాధుల పండుగకి వస్తానన్నారు. పిల్ల దండ సిలువకి వేద్దాం, జాగ్రత్తగా పెట్టు అని రాశారు. మడ చెట్ల వేళ్ళ దగ్గర ఏరి మీరు తెచ్చిన కోల నత్త గుల్లలు, ఒక్కొక్కదానికీ మేకుతో బెజ్జం పెట్టి పిల్ల తనే గుచ్చుకున్న దండ. "అమ్మా, ఈటిని బట్టీలో ఎయ్యకే, ఇయి నావి" అనేది. దండ భద్రంగా ఉందని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం.

గౌన్లు పెట్టెలో పెట్టాను. దండ మాత్రం కళ్ళముందు ఉంటే ఉండలేక, సగం ఖాళీ అయిన గుల్లల గోనెలో పెట్టి పాకలో ఓ మూలకి నెట్టాను. ఎక్కడ పెట్టానో నాకు తెలుసు. తెలిసీ, బట్టీ పేర్చిన రోజు బొగ్గు ఒక వరస, గుల్లలు ఒక వరస వేస్తూ వేస్తూ ఆ గోనె కూడా ఎత్తి పోసేశాను. చేతులు పని చేస్తున్నాయి, నేను అక్కడ లేను.

బట్టీ విప్పితే పైకే కనిపించాయి. దారం కాలిపోయింది. గుల్లలు తెల్లగా, బెజ్జాలతో సహా అలాగే ఉన్నాయి. మీకు తెలుసుగా, కాలినా రూపు చెడదు, నీళ్ళు తగిలితేనే పిండవుతాయి. అసిరమ్మ బిందె పట్టుకుని నిలబడింది.

"ఏటలా సూస్తన్నావు రూతమ్మా? నీళ్ళు సల్లీమంతావా?"

"ఉండవే" అని ఒక్కొక్కటే ఏరాను. పదిహేడు దొరికాయి. "ఓలమ్మో, గుంట దండా!" అని అది నేలమీద కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. తప్పు దానిమీదకి నెట్టేద్దామని కూడా ఒక్క క్షణం అనుకున్నాను, సిగ్గులేకుండా.

పొడి డబ్బాలో పెట్టి, తేమ తగలకుండా మూత చుట్టూ మైనం పూశాను. మళ్ళీ గుచ్చడానికి పనికిరావు, నొక్కితే చితికిపోతాయి. కానీ పిల్ల సమాధికి ఒక్క పూత వెల్ల వస్తుంది. ఇంకే సున్నమూ దానికి వెయ్యనివ్వను. కోపం వస్తే వచ్చి తిట్టండి. తిట్టు తగిలితే నాకూ మంచిదే.

పండుగ వచ్చే నెల రెండో తారీఖున. ఒకరోజు ముందే రండి. డబ్బా మీ చేతికిస్తాను, తీరిగ్గా చూసుకోండి. ఆ తరవాత నీళ్ళు మీరే పొయ్యాలి. నేను పొయ్యలేను.

ఇట్లు,
మెర్లిన్ అమ్మ