దివిసీమలో అందరికీ చాలా సంతృప్తి

బందరు,
నవంబరు 4.

కనకరత్నం పిన్నికి,

సలాములూ నమస్కారాలూ కలిపి పంపుతున్నాను, నీకు కావలసినవి తీసుకో. నువ్వూ మా అమ్మీ కుట్టు ట్రైనింగులో ఒకే మిషను కోసం కొట్టుకున్న స్నేహితులు కదా, ఆ చనువుతో ఒక పని అడుగుతున్నాను.

నేను టూరిజం మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నానని తెలుసుగా. 'దివిసీమకు వచ్చే పర్యాటకుల సంతృప్తి' నా అంశం. నాగాయలంక రేవులో పడవెక్కేవాళ్లంతా నీ మెస్సులోనే భోంచేస్తారు, సగంమంది నీ గదుల్లోనే దిగుతారు. ఈ పార్సిల్లో వంద ఫారాలున్నాయి. భోజనం, గది, పడవ, శుభ్రం... ఒక్కోదానికి 'చాలా అసంతృప్తి' నుంచి 'చాలా సంతృప్తి' దాకా ఐదు గడులు. టిక్కులు పెట్టించి మళ్లీ బందరు బస్సులో వేసెయ్.

మా గైడు ప్రేమ్ సాగర్ సారు డిసెంబరు ఇరవైన కమిటీ పెట్టారు. ఆ రోజు సమాచారం చూపించకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. ఇప్పటికే రెండుసార్లు గడువు అడిగాను. రద్దయితే మా తబ్రేజ్ భాయ్ ట్రావెల్స్ కౌంటర్లో కూర్చుని హైదరాబాదు స్లీపరు టికెట్లు కొట్టడమే ఇక నా శాశ్వత ఉద్యోగం.

నీ సబీహా

తా.క.: ఫోన్ చేస్తే నువ్వు దాన్ని పొయ్యి పక్కన పెట్టి వెళ్లిపోతావు. పోయినసారి పావుగంటసేపు చేపల పులుసు ఉడకడం విన్నాను. అందుకే ఉత్తరం.

*

నాగాయలంక,
నవంబరు 15.

చిరంజీవి సబీహాకి పిన్ని దీవెనలు.

వందకి వందా పూర్తి. అన్నింటిలోనూ 'చాలా సంతృప్తి'. నేనే పక్కన నిలబడి, నెయ్యి వేస్తూ టిక్కులు పెట్టించాను. గుడివాడ నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి మాత్రం గది దగ్గర 'ఫర్వాలేదు' అని పెట్టాడు. "ఏవండీ, ఏం తక్కువైందండీ?" అన్నాను. బాత్రూంలో బకెట్టుకి పిడి లేదన్నాడు. అప్పటికప్పుడు కొత్త బకెట్టు తెప్పించి, మనిషిని తీసుకెళ్లి చూపించి, టిక్కు మార్పించాను. వాళ్లావిడ "పెట్టెయ్యండీ, బస్సు వెళ్లిపోతుంది" అంది పాపం.

ఇంతకీ ఈ చదువైపోతే ఏం ఉద్యోగం వస్తుందమ్మా? మన పడవ పోతయ్య ఐదో తరగతి గట్టెక్కలేదు, రోజూ నలభైమందిని తిప్పుతున్నాడు. దానికి డాక్టరేటు ఎందుకని ఆయన అడగమన్నాడు.

ఇట్లు,
మీ పిన్ని కనకరత్నం

తా.క.: ఒకావిడ కళ్లజోడు పెట్టుకుని ఫారం మొత్తం చదవబోయింది. "అంత శ్రమ వద్దమ్మా, చివరి గడే" అని చూపించాను.

*

బందరు,
నవంబరు 19.

పిన్నీ, నా కొంప ముంచావు!

వందమందీ ఒకే గడిలో టిక్కు పెడితే అందులో పరిశోధించడానికి ఏముంటుంది? సారు ఫారాలన్నీ తిరగేసి, "ఇంత సంతృప్తి ఎక్కడమ్మా దొరికింది? నేనూ వెళ్లి ఉంటాను" అన్నారు. ఆయన నవ్వకుండా అన్నారు పిన్నీ, అదే నా భయం.

మళ్లీ వంద ఫారాలు పంపుతున్నాను. నాకు అసంతృప్తి కావాలి. కొంచెమైనా. దయచేసి పక్కన నిలబడకు.

పోతయ్య బాబాయికి చెప్పు: కాలేజీలో పాఠం చెప్పచ్చు, గుడివాడలో ఒక కాలేజీవాళ్లు పట్టా రాగానే కబురు చెయ్యమన్నారు కూడా. ప్రభుత్వానికి బీచిల ప్లానులు వెయ్యచ్చు, తిరునాళ్ల రద్దీ ఎలా మళ్లించాలో చెప్పచ్చు. హోటళ్లకీ రిసార్టులకీ సలహాలివ్వచ్చు. బాబాయి నలభైమందిని తిప్పుతాడు. అందులో ఎంతమంది మళ్లీ వస్తారో, రానివాళ్లు ఎందుకు రారో చెప్పేది నేను.

నీ సబీహా

తా.క.: బకెట్టు సంగతి మా సారుకి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

*

నాగాయలంక,
డిసెంబరు 5.

చిరంజీవి సబీహాకి,

నువ్వు అసంతృప్తి అడిగావు. ఇరవై రెండేళ్లుగా ఈ మెస్సులో నేను వండని వంట అది. అయినా కౌసర్ కూతురివి కాబట్టి ఒప్పుకున్నాను. మంగళవారం, గురువారం పప్పులోనూ పులుసులోనూ ఉప్పు మానేశాను. గదుల్లో ఫ్యాన్లు పాడయ్యాయని చెప్పాను. పోతయ్యని పడవలో నోరు విప్పొద్దన్నాను. మామూలుగా ప్రతి మడచెట్టుకీ, ప్రతి కొంగకీ ఓ కథ చెప్తాడు కదా.

ఏం జరిగిందనుకున్నావు? అందరూ 'చాలా సంతృప్తి'! ఉయ్యూరు టీచరుగారు చప్పిడి పప్పు తిని, నీళ్లు తాగి, "అమృతంలా ఉందండీ" అన్నారు. నేను నిలబడలేదు, వంటింటి గుమ్మంలోంచి చూశానంతే. పోతయ్య సంగతి ఇంకా ఘోరం. 'పడవ ప్రశాంతంగా సాగింది' అని కింద రాశారు. రెండ్రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు.

నాకూ మనసు విరిగిందమ్మా. ఉప్పు లేనిదాన్ని బాగుందన్నవాళ్లు, ఉప్పున్నప్పుడు బాగుందన్నది నిజమేనా? ఇన్నేళ్లూ నన్ను చూసి జాలిపడ్డారా? ఇది తేలేదాకా మంగళ, గురువారాలు ఉప్పు బంద్.

ఇట్లు,
కనకరత్నం

తా.క.: వడ్డించినావిడ మొహం మీద బాగాలేదని ఎవరంటారు చెప్పు? నేనూ మీ ఇంట్లో నీ మొదటి బిర్యానీ బాగుందనే అన్నాను.

*

బందరు,
డిసెంబరు 9.

పిన్నీ,

బిర్యానీ గురించి తర్వాత పోట్లాడుకుందాం. ఇప్పుడు ఏడవడానికే టైము చాలడం లేదు.

రెండో వంద కూడా ఒకేలా ఉండేసరికి సారు తలుపు వేసి అడిగారు: "సబీహా, నిజం చెప్పు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని నువ్వే నింపావు కదూ?" కాదంటే నమ్మలేదు. దొంగ సమాచారమని ఇరవైన కమిటీకి చెప్తారట. ఇన్నాళ్లూ గడువు దాటుతుందని భయపడ్డాను, ఇప్పుడు దొంగననిపించుకుని బయటికి పోవాలి. దొంగ డాక్టరేటని పేరొస్తే గుడివాడ కాలేజీవాళ్లు గేటు దగ్గరికి కూడా రానివ్వరు.

ఈసారి పార్సిలు లేదు, అందుకే పోస్టులో వేస్తున్నాను. ఇక ఫారాలేమీ వద్దు. నువ్వు ఉప్పు వేసుకో. నీ వంట బాగుంటుంది పిన్నీ, ఫారం లేకుండా చెప్తున్నాను.

నీ సబీహా

తా.క.: తబ్రేజ్ భాయ్ నాకు కౌంటర్లో కొత్త కుర్చీ కొన్నాడు. చక్రాలది. దాన్ని చూస్తే ఏడుపొస్తోంది.

*

నాగాయలంక,
డిసెంబరు 12.

చిరంజీవి సబీహాకి,

నీ ఉత్తరం ఇవాళ అందింది. కానీ నిన్న గురువారం.

నిన్న మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. ఒంటరి మనిషి, నలగని చొక్కా, తన పేరు చెప్పకుండా నా పేరు అడిగాడు. ఆకు వేసి చప్పిడి పప్పు, చప్పిడి పులుసు వడ్డించాను. మొదటి ముద్దకే ఆయన కళ్లు ఒకసారి పెద్దవయ్యాయి. ఉప్పు సంగతి తేల్చుకుందామని నేను జిరాక్సు తీయించిన ఫారాల్లో ఒకటి మిగిలితే ఇచ్చాను. నావంక చూశాడు, నెయ్యి గిన్నెవంక చూశాడు, ఎడంచేత్తో నాలుగింటికీ 'చాలా సంతృప్తి' పెట్టాడు. పైన పేరు చూస్తే ప్రేమ్ సాగర్. వృత్తి, ప్రొఫెసర్.

మీ గైడుగారే! అయినా అడిగేశాను. "సారూ, పప్పులో ఉప్పుందాండీ?"

"లేదమ్మా."

"మరి టిక్కు?"

"అంత ఆప్యాయంగా వడ్డిస్తుంటే ఎలా చెప్తామమ్మా..." అని సగంలో ఆగిపోయారు. తన ఫారాన్ని తనే చాలాసేపు చూసుకున్నారు. తర్వాత, "అయితే ఆ పిల్ల వీటిని ఇంట్లో నింపలేదన్నమాట" అన్నారు, తనకు తనే.

ఆయన ఆకు తీస్తుంటే సగం అన్నం అంచుకి నెట్టి ఉంది. "ఉప్పు వేసిన రోజు ఆకులు తుడిచినట్టు వస్తాయండీ, ఉప్పు లేని రోజే ఇలా" అన్నాను. అంటుంటే నాకే తెలిసింది సబీహా, ఇన్నేళ్లూ ఆకులు ఖాళీగానే వచ్చాయి! ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే పెన్ను వెతుక్కున్నారు. నోరు చెప్పేది ఒకటి, ఆకు చెప్పేది ఒకటి, ఇదే నీ పరిశోధన అట. టిక్కులు పక్కనపెట్టి నెల్లాళ్లు నా మెస్సులో ఆకులు చూడాలట నువ్వు. కమిటీకి మొదటి సాక్ష్యంగా తన ఫారమే పెడతానని మడిచి జేబులో పెట్టుకున్నారు. నీ రిజిస్ట్రేషన్‌కి ఢోకా లేదని నీతో చెప్పమన్నారు.

జనవరి ఒకటికి సామాను సర్దుకుని వచ్చెయ్. పై గది నీకే.

ఇట్లు,
మీ పిన్ని కనకరత్నం

తా.క.: ఇరవైన కమిటీకి నన్నూ రమ్మన్నారు. మెంబర్లందరికీ భోజనం నేనే పట్టుకొస్తానని చెప్పాను. ఉప్పు మాత్రం విడిగా పొట్లం కట్టి తెస్తున్నాను. వాళ్లు నిన్ను ఏం ప్రశ్నలడుగుతారో విన్నాక కలుపుతాను.