గుయ్యిమనే మోత పోయాక

శుక్రవారం, రాత్రి

ఇంట్లో స్టీల్ గిటార్ రికార్డు చేసినప్పుడల్లా వెనక వినబడే గుయ్యిమనే మోత ఈరోజు పోయింది. ట్యూబులైటు ఆర్పి, ఫ్రిజ్ ఆపి, గిటార్‌ను కంప్యూటర్‌కు దూరంగా జరిపి వాయించాను. బళేపేట వాద్యాల దుకాణంలో కొన్న కొత్త కేబుల్ అవసరమే పడలేదు.

అక్కకు వినిపించాను.

"శబ్దం శుభ్రంగా ఉండాది. అయితే నీ చెయ్యి వణుకుతా ఉండాది కదప్పా?" అంది.

"అది గమకం అక్కా."

అక్క ఫ్రిజ్ ఆన్ చేయడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఇన్నాళ్లూ నేనూ గమకమనే అనుకున్నాను. మోత పోయాకే ఆ వణుకు ఇంత స్పష్టంగా వినబడింది. మళ్లీ కూర్చుని, ఎడమచేతిలోని స్టీలు కడ్డీని తీగ మీద కదల్చకుండా పట్టుకుని, ఒకే స్వరం వాయించాను. గమకమైతే నేను ఆపినప్పుడు ఆగాలి.

ఆగలేదు.