వెయ్యి పేర్లు దాటితే

ఏరా సాంబా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. నేను అద్దంకిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. మనం నేర్చుకున్న ప్రోగ్రామింగ్ భాషలో అందరూ వాడుకునే కోడు దాచిన లైబ్రరీలో, చదివేవాళ్ల కోసం కోడు పక్కన రాసిన కామెంట్లలో కాలం చెల్లినవి తీసేసే పని కూడా చేస్తున్నాను.

పేర్లను వరసలో పెట్టే కోడు దగ్గర నీ కామెంటు ఉంది. వెయ్యి పేర్లు దాటితే జాబితాను ముక్కలు చేసి ఇమ్మని, లేకపోతే ఆగిపోతుందని రాశావు. నువ్వు పోయాక ఆ కోడును ఎవరో బాగుచేశారు. ఇప్పుడు లక్ష పేర్లిచ్చినా ఆగదు. తెలిసీ నేను నీ కామెంటు జోలికి పోలేదు. ఆ లైబ్రరీలో నువ్వు రాసింది అదొక్కటే.

నా దగ్గర చదివే కనిగిరి అమ్మాయి అది నమ్మి, రైతుల పేర్ల జాబితాను ముక్కలు చేస్తూ రెండు రోజులు తంటాలు పడింది. ఎవరు రాశారండీ అంటే నా స్నేహితుడని చెప్పాను.

"అయితే ఇప్పటికీ నిజమేనా అని ఆయన్నే ఓసారి అడగండి సార్" అంది.

మీ నాన్న గుర్తొచ్చాడు. నిరుటి గోతాల్లో మిరపకాయలు తొక్కేముందు, పాత సరుకు మార్కు లోపలికి పోయేలా తిరగేసేవాడు. "కొనేవాడు అది చూసి మోసపోతాడ్రా" అనేవాడు.

ఈ పొద్దున నీ వాక్యం తీసేశాను. ఏది తీసినా ఎందుకు తీశామో అక్కడ ఒక ముక్క రాయాలి. నువ్వు రాసిన రోజున ఇది నిజమేనని రాశాను.