కళ్లు తెరిపించిన ఫొటో

తమ్ముడూ,

పత్రికకు కాల్పుల ఫొటోలు తెస్తానని నువ్వు దుమ్ముగూడెం అడవిలోకి వెళ్లి నేటికి ఏడాది. కబురూ లేదు, శవమూ దొరకలేదు. అలాంటి ఫొటోల పనే ఇప్పుడు పోలీసుల కోసం నా మెడకు చుట్టుకుంది. ఎన్‌కౌంటర్ జరిగిందంటే పోలీసు జీపు మన స్టూడియో ముందు ఆగుతుంది. శవాలను ఫొటో తీసి నెగెటివ్‌లతో సహా వాళ్లకే అప్పజెప్పాలి. రానంటే నువ్వెవరి మనిషివని అడుగుతారు. పోనీ, దుకాణం ఎత్తేసి పోదామంటే, రేపు నువ్వొస్తే ఎక్కడికొస్తావు?

మొన్న ములకలపల్లి వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. "మా పోరని ఫొటో ఒక్కటన్న లేదయ్యా. ఆఖరికి నువ్వే తీసినవంట గద. జర కండ్లు తెరిపించి ఇయ్యి, గోడకు పెట్టుకుంట" అంది.

పోయినవాళ్ల ఫొటోలో మూసుకున్న కళ్ల మీద కుంచెతో తెరిచిన కళ్లు గీసివ్వడం నాన్న నేర్పిన పనే కదా. పాడైందని పోలీసులకు చెప్పి దాచుకున్న ఆ పిల్లవాడి ప్రింటు ఒకటుంది. తలుపు వేసుకుని గీశాను.

ఆమె చాలాసేపు చూసింది. "గివి మావోని కండ్లు కావయ్యా."

అప్పుడు చూశాను. అవి నీ కళ్లు.

చెరిపి మళ్లీ గీస్తానంటే ఆమె ఇవ్వలేదు. "ఉండనియ్యి. ఎవలివైతేంది, నన్ను చూస్తున్నయ్" అని కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

బయట జీపు హారన్ కొడుతోంది. వెళ్లక తప్పదు. అక్కడ శవం మీద కప్పిన గుడ్డ కింద మాత్రం నువ్వు ఉండకు. నీ కళ్లు ఇంకోసారి గీయడం నా వల్ల కాదు.

మీ అన్న