కౌజు ఈక గాలం

శుక్రవారం, ముబారక్ అల్ కబీర్

కోపం ఇంకా చల్లారలేదు. రాస్తుంటే పెన్ను కాగితంలో దిగబడుతోంది.

నేను పనిచేసే ఈ అరబ్బు ఇంటి యజమాని బాబాకు చూపు తగ్గినప్పటి నుంచి ఆయన ట్రౌట్ చేపలు పట్టే గాలాలను ఈకలతో పురుగుల్లా కట్టేది నేనే. గాలానికి పట్టుదారం చుట్టి, కౌజుపిట్ట ఈక రెండే చుట్లు తిప్పాలి. ఎక్కువైతే అది నీళ్లలో పురుగులా మెదలదు. నేర్పింది ఆయనే.

సాయంత్రం ఆయన స్నేహితుడు వచ్చి ఆ గాలాలు చూసి మెచ్చుకున్నాడు. "అన్నీ నేనే కట్టాను" అన్నాడు బాబా. చాయ్ పోస్తున్నదాన్ని, ఉండబట్టలేక "నేను కట్టినవి" అనేశాను. స్నేహితుడు పగలబడి నవ్వాడు. ట్రే పక్కన పెట్టి, వాళ్ల కళ్లముందే ఒకటి కట్టి చూపించాను. నవ్వు ఆగింది.

అప్పుడైనా నాతో మాట్లాడాడా? బాబా వైపు తిరిగి, "దీన్ని మా ఇంట్లో పనికి పంపుతావా?" అన్నాడు. బాబా "చూద్దాం" అన్నాడు. చూద్దామట! నేనేమైనా కుర్చీనా?

"నన్ను అడగండి" అని వంటింట్లోకి వచ్చేశాను. వంటచేసే ఖాజాబీ అక్క తల పట్టుకుంది.

"ఏం పని చేస్తివి మ్మే! ఈడ ఉండేదానికి నీ ఇఖామా కాయితం ఆయన చేతిలో ఉండాది గదా!"

"ఉండనీలే అక్కా. ఎంతకని నోరు మూసుకోవల్ల?"

స్నేహితుడు వెళ్లాక బాబా గుమ్మంలో నిలబడ్డాడు. "నిన్ను పంపనులే. టర్కీ వెళ్తున్నాను, ఇంకో డజను కట్టు" అన్నాడు. తన అబద్ధం గురించి ఒక్క మాట లేదు.

"కట్టను" అన్నాను.

నాలుగేళ్లలో ఈ ఇంట్లో ఆ మాట అనడం ఇదే మొదలు. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. రేపు ఇంటి యజమానురాలు మామాకు చెప్తాడేమో. చెప్పుకోనీ.