శుక్రవారం లేచే నేల

దోహా

అంతర్ పాఠశాలల విజ్ఞాన ప్రదర్శన అధికారి గారి సముఖమునకు,
ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంత నివాసి, పదకొండో తరగతి విద్యార్థిని మోనికా సమర్పించుకొను అర్జీ.

విషయం: నా ప్రాజెక్టుపై వ్రాసిన "కల్పిత అంకెలు" అను మాటను తొలగించుట గురించి.

అయ్యా,

1. అగ్నిపర్వతం పేలకముందు లోపల శిలాద్రవం చేరి నేల ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కంటికి ఆనదు. కొండ మీద పాతిన యాంటెన్నా ఉపగ్రహాల సంకేతాలను పట్టుకుని దాన్ని చెబుతుంది. నా ప్రాజెక్టు ఆ పద్ధతి గురించే.

2. ఖతర్‌లో అగ్నిపర్వతం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కావున పద్ధతి నేర్చుకొనుటకై ఒక యాంటెన్నా, నాలుగైదు కుటుంబాలం గదులు పంచుకుని ఉండే మా విల్లా డాబా మీద, ఇంకొకటి అల్ రయ్యాన్‌లో నా స్నేహితురాలు నూరైన్ ఇంటి గచ్చు మీద పెట్టాము. వాళ్ళది కదల్లేదు. మాది ప్రతి శుక్రవారం ఉదయం సెంటీమీటరు లేచి, మధ్యాహ్నానికి దిగింది.

3. అది చూసి తమరి న్యాయనిర్ణేత, "శుక్రవారం నేలకి కూడా వీక్లీ ఆఫా అమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. "సోడా, వెనిగర్ కలిపి పొంగించే కొండ ఒకటి చేసుకురా, పో" అని కూడా అని, నా ప్రాజెక్టుపై ఎర్ర సిరాతో "కల్పిత అంకెలు" అని వ్రాశారు.

4. ఇంటికొచ్చి ఏడ్చాను. ఈ వాక్యం అర్జీలో ఉండరాదు. ఉంచుతున్నాను.

5. తరువాతి శుక్రవారం డాబా మీద ఉండగా, పక్క గదిలో ఉండే దయమ్మ ఆంటీ స్నానాల గదిలోని కొడుకు మీద వేసిన కేక వినబడింది. "ఒరే వెస్లీ, ఇక బయటికి రారా! చర్చికి టైమవుతోంది. ట్యాంకు మొత్తం నీ ఒంటిమీదేనా?" నా యాంటెన్నా కట్టింది ఆ ట్యాంకు స్టాండుకే! మిగతా రోజుల్లో తలా ఒక వేళకు డ్యూటీకి పోతారు గనుక నీళ్ళు కొద్దికొద్దిగా ఖర్చవుతాయి. శుక్రవారం మాత్రం అందరికీ సెలవు, ఇక్కడ చర్చి కూడా ఆ రోజే గనుక విల్లాలో అందరూ ఒకేసారి తలంట్లు పోసుకుంటారు. ట్యాంకు ఖాళీ అయ్యి, బరువు తగ్గి, వంగిన స్టాండు లేస్తుంది. వాళ్ళు తిరిగొచ్చి మోటారు వేస్తే దిగుతుంది.

6. రుజువు కోసం మంగళవారం నేనే ట్యాంకు ఖాళీ చేశాను. యాంటెన్నా లేచింది. "అగ్నిపర్వతం సంగతేమో గానీ, ఇప్పుడు నేను పేలతాను చూడు" అంది దయమ్మ ఆంటీ.

7. సోడా కొండ నేను చేయను. పేలాక చప్పట్లు కొట్టడానికి సోడా చాలు. పేలకముందు ఊరు ఖాళీ చేయించాలంటే మిల్లీమీటరు కోసం పోట్లాడేవాళ్ళు కావాలి.

8. నాకు బహుమతి అక్కర్లేదు. రోజు తమరే నిర్ణయించండి, ట్యాంకు తమరి ఎదుటే ఖాళీ చేస్తాను. ఆంటీకి నేను చెప్పుకుంటాను.

పై సంగతులు చిత్తగించవలెను, ఈసారి నవ్వకుండా.

ఈ ఒక్క విషయంలో తప్ప
తమ విధేయురాలు,
మోనికా

తా.క. స్టాండుకు కట్టడం నా తప్పే సార్. "తప్పు" అని ఎర్ర సిరాతో ఎంత పెద్దగా రాసినా సరే, తలవంచుకుంటాను. "కల్పితం" చాలా అందమైన మాట. ఎప్పుడైనా కథ రాస్తే నేనే వాడుకుంటాను. నా అంకెల మీద నుంచి మాత్రం తీసేయండి.